జింక కైమాకు మర ఎంచుకోవడం: వాట్ల కన్నా ముందు చూడవలసినవి

మిషిగన్ రాష్ట్రంలో తుపాకీతో జింకలను వేటాడే కాలం ఏటా నవంబరు 15న మొదలవుతుంది. దానికి రెండు వారాల ముందు, డెట్రాయిట్ దగ్గర ఉండే మా బావమరిది ఫోన్ చేసి, "బావా, ఈసారి కైమా మర కొనేద్దామనుకుంటున్నాను, ఎన్ని వాట్లది తీసుకోమంటావు?" అని అడిగాడు. మిక్సీ కొనేటప్పుడు మొదట వాట్లు అడగడం మనకు అలవాటు కనుక ఆ ప్రశ్న సహజమే. కానీ జింక మాంసం విషయంలో దాని వంతు నాలుగోదో అయిదోదో అవుతుంది. నేను అతణ్ణి తిరిగి మూడు సంగతులు అడిగాను: ఏడాదికి ఎన్ని జింకలు ఇంటికి వస్తాయి, ఆ మాంసంలో ఎంత భాగం కైమా చేస్తారు, ఆ కైమాతో ఏం వండుతారు. మర ఏ పాటిది కావాలో ఈ మూడింటి జవాబులే తేలుస్తాయి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేసిన అంకెతో తేలేది చాలా తక్కువ.

ఇది అమెరికా సంగతి అని ముందే చెప్పాలి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది; అడవి జింక మాంసం దగ్గర పెట్టుకోవడం కూడా అక్కడ నేరమే. మన ఊళ్ళలో కైమా అంటే మేకదో పొట్టేలుదో, అదీ దుకాణంలో చింత మొద్దు మీద కత్తితో కొట్టి ఇచ్చేది. "కైమా కొట్టించడం" అనే మాటలోనే ఆ కత్తి చప్పుడు ఉంది. అమెరికాలో లైసెన్సు తీసుకుని, రాష్ట్రం నిర్ణయించిన కాలంలో, నిర్ణయించిన సంఖ్యకు మించకుండా జింకను వేటాడవచ్చు. ఆ మాంసాన్ని ఇంట్లో వాడుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు, అమ్మడానికి మాత్రం వీలు లేదు. నేను తుపాకీ పట్టినవాణ్ణి కాను. డల్లాస్ ఉత్తర శివారులో మా పక్కింటి పెద్దాయన ఏటా నవంబరులో తెచ్చే తెల్లతోక జింకలో ఒక జబ్బ మాకు ఇచ్చేవాడు. రెండేళ్ళు ఊరికే తీసుకున్నాక, మొహమాటం కొద్దీ మాంసం కోసే పనిలో సాయానికి వెళ్ళడం మొదలుపెట్టాను. మరల గురించి నాకు తెలిసినది చాలావరకూ ఆయన గరాజ్‌లోని బల్ల దగ్గర తెలిసినదే.

జింకను కోసి పొట్లాలు కట్టి ఇచ్చే దుకాణాలు ఇక్కడ ప్రతి చిన్న ఊళ్ళోనూ ఉంటాయి. ఒక్కో జింకకు 100 డాలర్లకు పైనే తీసుకుంటారు. పని శుభ్రంగానే చేస్తారు, కానీ రద్దీ రోజుల్లో కొన్ని దుకాణాల్లో నలుగురైదుగురి జింకల తునకలను ఒకే గుట్టగా పోసి ఒకేసారి మరలో వేయడం మామూలు. మీ పొట్లంలో ఉన్న కైమా మీ జింకదే అని గట్టిగా చెప్పలేరు. డబ్బు కన్నా ఈ కారణమే ఇంట్లో మర పెట్టుకోవడానికి అసలు ప్రేరణ అని నా అభిప్రాయం. అది ఎందుకు అంత ముఖ్యమో కింద సీసం గురించీ, జబ్బు గురించీ చెప్పేటప్పుడు తెలుస్తుంది.

మొదట లెక్క చూద్దాం. పేగులు తీసేసిన తరవాత 120 పౌండ్లు తూగే జింక నుంచి, తోలు, ఎముక, కొవ్వు, తూటా పాడుచేసిన భాగం పోగా, సుమారు 50 పౌండ్ల మెత్తని మాంసం వస్తుంది. వెన్ను పట్టీలు, తొడల్లోని పెద్ద కండలు కూరకో కాల్చుకోవడానికో పక్కన పెడతారు. జబ్బలు, మెడ, పక్కటెముకల మధ్య మాంసం, పిక్కలు, కోతలో రాలిన తునకలు కైమాకు పోతాయి. అది 25 నుంచి 30 పౌండ్ల దాకా ఉంటుంది. కైమా ఇష్టంగా తినే ఇంట్లో తొడలు కూడా అటే పోతాయి కాబట్టి ఇంకా పెరుగుతుంది. అయితే బరువు ఒక్కటే కాదు, ఆ మాంసం తీరు ముఖ్యం. జబ్బలోనూ మెడలోనూ పిక్కలోనూ కండ కండకూ మధ్య మెరిసే తెల్లని పొర ఉంటుంది, దాన్ని ఇక్కడివాళ్ళు సిల్వర్ స్కిన్ అంటారు. పిక్కల్లో దానికి తోడు నరాలు ఉంటాయి. పరుగెత్తి బతికే జంతువు కనుక ఈ పొరలు మందంగా, గట్టిగా ఉంటాయి. కొవ్వు నిండిన పెంపుడు జంతువు మాంసాన్ని సునాయాసంగా దాటించే మర ఈ పొరల దగ్గర మొరాయిస్తుంది.

నా మొదటి అనుభవం అదే. వంటింట్లో పిండి కలిపే స్టాండ్ మిక్సరుకు ముందు భాగంలో తగిలించే కైమా గొట్టం ఒకటి కొన్నాను. పెద్దాయన ఇచ్చిన జబ్బను ముక్కలు కోసి, పొరలు తీయకుండా, గది వేడికి వచ్చిన మాంసాన్ని అందులో వేశాను. మొదటి పౌండు బాగానే సన్నని పోగులుగా వచ్చింది. రెండో పౌండు దగ్గర పోగులు ఆగిపోయి, చిల్లుల్లోంచి చలిమిడిలాంటి లేతరంగు ముద్ద కారడం మొదలైంది. నేను కట్టెతో ఇంకా గట్టిగా అదిమాను. మోటారు మూలిగింది, కాలుతున్న వాసన వచ్చింది. ముందరి బిగింపు విప్పి చూస్తే, నాలుగు రెక్కల బ్లేడు చుట్టూ తెల్లని పొరలు పురికొసలా చుట్టుకుని, బ్లేడుకూ ముందరి చిల్లుల బిళ్ళకూ మధ్య చేరి ఉన్నాయి. బ్లేడు ఇక కోయడం లేదు, మాంసాన్ని నలిపి చిల్లుల్లోంచి పిండుతోంది. ఆ రాత్రి వండిన కూర నోట్లో ఇసుక లేని బురదలా ఉంది. తప్పు గొట్టానిది అనుకుని మర్నాడు ఆయనకు ఫిర్యాదు చేస్తే, ఆయన గొట్టాన్ని అసలు చూడనే లేదు, "మాంసం ఎంత చల్లగా ఉంది?" అని మాత్రం అడిగాడు.

ఆ ప్రశ్న అర్థం కావాలంటే మర లోపల ఏం జరుగుతుందో చూడాలి. పై తొట్టిలో వేసిన ముక్కను గొట్టంలోని స్క్రూ ముందుకు తోస్తుంది. చివర చిల్లుల బిళ్ళ ఉంటుంది, జంతికల గొట్టంలో బిళ్ళలాగే. తేడా ఏమిటంటే ఇక్కడ బిళ్ళకు లోపలి వైపున ఆనుకుని ఒక బ్లేడు స్క్రూతో పాటు తిరుగుతుంది. స్క్రూ తోయగా చిల్లులోకి దూరిన మాంసాన్ని బ్లేడు అంచు, చిల్లు అంచు కలిసి కత్తెరలా కోస్తాయి. కత్తెరకు రెండు రెక్కలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉండాలి. మధ్యలో వెంట్రుకవాసి సందు ఉన్నా గుడ్డ తెగకుండా మడతపడుతుంది. ఇక్కడా అంతే. బ్లేడు చదును ముఖం బిళ్ళను పూర్తిగా ఆనుకుని ఉండాలి, మాంసం నలగకుండా తెగేంత బిగువుగా ఉండాలి. మెత్తగా వెచ్చగా ఉన్న మాంసం, కరిగిన కొవ్వు, తెగని పొర ఈ మూడూ ఆ సందును నింపేస్తాయి. మాంసం గడ్డకట్టే స్థితికి కాస్త దగ్గరగా, అంటే వేలితో నొక్కితే పైన గట్టిగా లోపల కొద్దిగా మెత్తగా ఉన్నప్పుడు, పొర కూడా పెళుసుగా మారి టక్కున తెగుతుంది. ముక్కలను పళ్ళెంలో ఒక వరసగా పరిచి అరగంటో ముప్పావుగంటో ఫ్రీజరులో పెట్టడం, మర గొట్టాన్నీ బిళ్ళనూ బ్లేడునూ కూడా దానితోపాటే పెట్టడం అందుకే. 40 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 4 సెల్సియస్ పైన మాంసంలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి కనుక ఆరోగ్యానికీ అదే హద్దు.

చవక మర పెట్టే బాధల్లో సగానికి పైగా చల్లదనంతో తీరిపోతాయని ఇప్పుడు నమ్ముతున్నాను. మిగతావాటికి మాత్రం మర సైజే సమాధానం.

సైజు చెప్పే అంకెలు కొత్తవారిని తికమక పెడతాయి. 5, 8, 10, 12, 22, 32 అని అమ్ముతారు. అవి అంగుళాలు కావు, అశ్వశక్తి కాదు, పౌండ్లు అంతకన్నా కావు. 19వ శతాబ్దంలో ఫిలడెల్ఫియాలోని ఎంటర్‌ప్రైజ్ అనే కంపెనీ పోత ఇనుముతో చేసిన చేతి మరలకు పెట్టిన నమూనా సంఖ్యలవి. కంపెనీ పాత కథ అయిపోయినా అంకెలు మిగిలాయి. వాటి అర్థం ఇప్పుడు బిళ్ళ వ్యాసం. 8 అంటే సుమారు 2.5 అంగుళాలు, 12 అంటే సుమారు 2.75, 22 అంటే 3.25, 32 అంటే 4 అంగుళాలకు కాస్త తక్కువ. చూడటానికి తేడా చిన్నదిగానే కనిపిస్తుంది, కానీ మాంసం బయటికి వచ్చేది వైశాల్యం మీదుగా. 12 నుంచి 22కు వెళితే వైశాల్యం దాదాపు 40 శాతం పెరుగుతుంది. 32కు వెళితే 12కు రెట్టింపు. బిళ్ళతోపాటు గొట్టం నోరు కూడా వెడల్పు అవుతుంది. నోరు వెడల్పుగా ఉన్న మరలో పొడుగాటి పట్టీలను అలాగే జారవిడవవచ్చు. ఇరుకు మరకు ప్రతి ముక్కనూ అంగుళం ఘనంలో కోయాలి, ఆ కోత పనే మర పని కన్నా ఎక్కువ సమయం తీసుకుంటుంది. దుకాణంలో ఎవరూ చెప్పరు గానీ, మర కొనేటప్పుడు నోటి వెడల్పును స్కేలుతో కొలవడం మంచి పని.

ఇక వాట్లు. అమెరికాలో ఇంటి ప్లగ్గుకు వచ్చేది 120 వోల్టులు, బ్రేకరు సాధారణంగా 15 ఆంపియర్లది. గుణిస్తే 1,800 వాట్లు. ఒక అశ్వశక్తి అంటే 746 వాట్లు. ఈ రెండు అంకెలు తెలిసినవారు ఒక చవక మర పెట్టె మీద 3,000 వాట్లు అని చూస్తే నవ్వుకోవాలి, ఎందుకంటే ఆ మర నిజంగా అంత లాగుతూ పనిచేస్తే ఇంట్లో బ్రేకరు పడిపోతుంది. స్క్రూ ఇరుక్కుని మోటారు కదలకుండా నిలిచిపోయిన క్షణంలో అది గుంజుకునే కరెంటును "గరిష్ఠ శక్తి" అని రాస్తారు. అంటే మర పనిచేయని క్షణపు అంకెను చూపి పనిచేసే మరను అమ్ముతున్నారన్నమాట. అడుగున లోహపు చీటీ మీద ఆంపియర్లు ఎంత రాశారో చూడటం మేలు. అది కొంతవరకు నిజం చెబుతుంది.

నిజమైన శక్తి సైతం కథలో సగమే. మన ఇళ్ళలో ఉన్న ఉదాహరణే చూడండి. బల్ల మీద పెట్టుకునే వెట్ గ్రైండరు మోటారు 150 వాట్లది, మిక్సీది 750 వాట్లది. అయినా ఇడ్లీ పిండిని అరగంట సేపు చల్లగా రుబ్బేది వెట్ గ్రైండరే. మిక్సీ అయిదు నిమిషాల్లో వేడెక్కి పిండిని కూడా వేడి చేస్తుంది. తేడా వేగంలో, ఆ వేగాన్ని తగ్గించి బలంగా మార్చే ఏర్పాటులో ఉంది. కైమా మరలో ఆ పని గేర్లది. మోటారు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, స్క్రూ వందా రెండు వందల చుట్లలో మెల్లగా కదలాలి. చవక రకాల్లో ఈ గేర్లు నైలాను ప్లాస్టిక్కువి. పొర ఇరుక్కుంటే పళ్ళు అరిగిపోతాయి, విరిగిపోతాయి. లోహపు గేర్లున్న 500 వాట్ల మర, ప్లాస్టిక్ గేర్లున్న 1,000 వాట్ల మరను జింక మెడ దగ్గర ఓడిస్తుంది. ఆగకుండా ఎంత సేపు నడపవచ్చో సూచనల పుస్తకంలో రాసి ఉంటుంది. చిన్న మరలకు అది పది, పదిహేను నిమిషాలే అయి ఉండవచ్చు, ఆ తరవాత అంత సేపూ చల్లారనివ్వాలి. 30 పౌండ్ల మాంసాన్ని రెండు సార్లు దాటిస్తే 60 పౌండ్ల పని; నిమిషానికి రెండు పౌండ్లు వచ్చినా అరగంట పడుతుంది. పెట్టె మీద నిమిషానికి ఇన్ని పౌండ్లని రాసేది పెద్ద చిల్లుల బిళ్ళతో, ఎముక, పొర లేని మెత్తని మాంసంతో సాధించినదని అనుకోండి. ఇంట్లో దానిలో సగం వస్తే సంతోషించాలి. వెనక్కి తిప్పే మీట ఉంటే ఇరుక్కున్న పొర వదులవుతుంది కాబట్టి అది అలంకారం కాదు.

చిల్లుల సైజు దగ్గరికి వస్తే మన రుచికీ ఇక్కడివాళ్ళ రుచికీ దారులు వేరవుతాయి. వీళ్ళు హాంబర్గర్ కోసమో సాసేజీ కోసమో మొదట 10 మిల్లీమీటర్ల చిల్లుల్లోంచి ఒకసారి, తరవాత 4.5 మిల్లీమీటర్ల చిల్లుల్లోంచి ఇంకోసారి తీస్తారు. మన కైమా కూరకు అంత మెత్తదనం అక్కరలేదు. చింత మొద్దు మీద కత్తితో కొట్టిన కైమాలో పలుకు తగులుతుంది, మసాలా ఆ పలుకుల చుట్టూ పట్టుకుంటుంది. 6 మిల్లీమీటర్లో 8 మిల్లీమీటర్లో చిల్లులున్న బిళ్ళతో ఒక్కసారి దాటిస్తే ఆ పలుకు దాదాపుగా వస్తుంది. కైమా ఉండలకు, షికంపూరీ కబాబులకు మాత్రం రెండోసారి సన్న బిళ్ళ కావాలి, లేకపోతే ఉండ విరిగిపోతుంది. మరతో వచ్చే మూడు బిళ్ళల్లో 6 మిల్లీమీటర్లది లేకపోతే విడిగా కొనుక్కోవడం మంచిది. కొనే ముందు మర అంకెకు సరిపోయే వ్యాసమా, నడిమి రంధ్రం సరిపోతుందా అని చూడాలి.

కొవ్వు విషయంలోనూ అంతే. జింక మాంసంలో కొవ్వు 2, 3 శాతానికి మించదు. ఉన్న కొద్ది కొవ్వూ మైనంలా గట్టిగా, చల్లారగానే అంగిలికి అంటుకుపోయేలా ఉంటుంది, పైగా అడవి వాసన చాలావరకు దానిలోనే ఉంటుంది. అందుకే దాన్ని గీకి పారేస్తారు. హాంబర్గర్ విడిపోకుండా ఉండటానికి ఇక్కడివాళ్ళు పది నుంచి ఇరవై శాతం దాకా పంది కొవ్వో ఎద్దు కొవ్వో కలుపుతారు. ఈ రెండూ తినని ఇళ్ళు మనలో ఎక్కువ, వాళ్ళు కంగారు పడనక్కరలేదు. నూనెలో ఉల్లిపాయ వేయించి, అల్లం వెల్లుల్లి, గసగసాలు వేసి వండే కూరకు కొవ్వు కలపనే అక్కరలేదు, నూనె ఆ పని చేస్తుంది. కబాబులకు కావాలంటే చల్లని వెన్న ముక్కలు కలిపినా నిలుస్తాయి. ఎలా వండినా మరలో ఆడించిన మాంసం లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 71 సెల్సియస్ దాకా ఉడకాలి. పెద్ద ముక్కలో సూక్ష్మజీవులు పైనే ఉంటాయి గానీ కైమాలో పైనదంతా లోపలికి వెళుతుంది.

పైనది లోపలికి వెళ్ళడం అనే ఈ సంగతి సీసానికీ వర్తిస్తుంది. వేట తూటాలు చాలావరకూ సీసంతో చేసినవి. ఎముకకు తగలగానే తూటా పగిలి, కంటికి కనబడనంత చిన్న రేణువులుగా గాయం చుట్టూ అడుగు దూరం దాటి కూడా చిమ్ముతుంది. 2008లో ఉత్తర డకోటాలో పేదలకు పంచే ఆహార కేంద్రాలకు దానంగా వచ్చిన జింక కైమా పొట్లాలను స్కానింగు చేస్తే చాలా వాటిలో లోహపు రేణువులు కనిపించాయి. రాష్ట్ర ఆరోగ్య శాఖ వాటిని పంచవద్దని చెప్పింది. ఆ ఏడాదే ఆ రాష్ట్రంలో 736 మంది రక్తాన్ని పరీక్షించిన కేంద్ర ప్రభుత్వ అధ్యయనంలో, వేట మాంసం తినేవారి రక్తంలో సీసం తినని వారి కన్నా డెసిలీటరుకు సగటున 0.30 మైక్రోగ్రాములు ఎక్కువ ఉన్నట్టు తేలింది. అది పెద్దవాళ్ళకు చిన్న తేడా. పసిపిల్లలున్న ఇంట్లో, గర్భిణి ఉన్న ఇంట్లో చిన్నది కాదు. మర ఏ రకందైనా సీసాన్ని వేరు చేయదు, ఒక ముక్కలో ఉన్నదాన్ని పది పొట్లాలకు పంచిపెడుతుంది. గాయం చుట్టూ ధారాళంగా కోసి పారేయడం, వేటగాడు రాగి తూటాలు వాడేలా చూసుకోవడం ఇవే మార్గాలు. మా పెద్దాయనకు పారేయడం అంటే ప్రాణం మీదికి వచ్చేది. మనవరాలు పుట్టాక రాగికి మారాడు.

రెండో భయం జబ్బుది. జింకల్లో ఒక మెదడు వ్యాధి ఉంది, ప్రియాన్లనే వంకర తిరిగిన మాంసకృత్తుల వల్ల వచ్చేది. జింక నెలల తరబడి చిక్కి శల్యమై చనిపోతుంది. 1967లో కొలరాడోలో మొదట గమనించారు. అడవి జింకల్లో టెక్సస్‌లో 2012లో, మిషిగన్‌లో 2015లో బయటపడింది. మనుషులకు సోకినట్టు ఇంతవరకూ నిర్ధారణ కాలేదు, అయినా వ్యాధి ఉన్న ప్రాంతాల్లో జింకను పరీక్ష చేయించి, ఫలితం వచ్చేదాకా ఆగి, జబ్బు ఉన్నదని తేలితే ఆ మాంసం తినవద్దని అమెరికా ఆరోగ్య అధికారులు చెబుతున్నారు. ప్రియాన్లు వంట వేడికి చావవు. మరకు అంటుకుంటే? 2019లో వచ్చిన ఒక పరిశోధన, ఇళ్ళలో వాడే బ్లీచిని నాలుగు పాళ్ళు, నీటిని ఆరు పాళ్ళు కలిపి స్టెయిన్‌లెస్ స్టీలును అయిదు నిమిషాలు నానబెడితే ఉపరితలం మీది ప్రియాన్లు నిర్వీర్యమవుతాయని చూపించింది. అయితే మాంసం తునక అతుక్కుని ఉంటే బ్లీచి దాని లోపలికి పోదు, ముందు శుభ్రంగా తోమాలి.

మర ఏ లోహంతో చేసినదన్న ప్రశ్న ఇక్కడే నిర్ణయమవుతుంది. చవక మరల గొట్టం, స్క్రూ అల్యూమినియం పోతవి. వాటికి బ్లీచి పడదు. గిన్నెలు కడిగే యంత్రంలో వేసినా ఘాటు సబ్బుకు నల్లబారి, తుడిస్తే చేతికి బూడిదరంగు అంటుతుంది. తగరం పూత వేసిన పోత ఇనుము గట్టిదే, కానీ పూత లేచిన చోట తుప్పు మొదలవుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఖరీదు ఎక్కువ. నాకు డబ్బు తక్కువగా ఉంటే మోటారు దగ్గర తగ్గించుకుంటాను గానీ గొట్టం, స్క్రూ దగ్గర తగ్గించుకోను. ఏ లోహమైనా ఒక్కో జింకను వేరువేరుగా ఆడించి, మధ్యలో మరను కడగడం, ఏ పొట్లం ఏ జింకదో తేదీతో రాయడం ఇంట్లో చేసుకునేవారికే సాధ్యమైన సౌకర్యం. పరీక్ష ఫలితం తేడాగా వస్తే పారేయవలసింది ఒక్క జింకనే.

మా బావమరిది లెక్క ఇది: ఏడాదికి రెండు జింకలు, ఒకటి తనది, ఒకటి స్నేహితుడితో పంచుకునేది, ఎక్కువగా కూర, పండగలకు కబాబులు. అతనికి నేను చెప్పినది లోహపు గేర్లు, స్టీలు గొట్టం ఉన్న 12 నంబరు మర. అర నుంచి ముప్పావు అశ్వశక్తి సరిపోతుంది. అయిదారు జింకలు, పైగా టెక్సస్‌లో అడవి పందులు కూడా చేసేవారికి 22 నంబరు, ఒక అశ్వశక్తి న్యాయం. 32 నంబరుది నలుగురైదుగురు వేటగాళ్ళు కలిసి కొనుక్కునే సరుకు. ఒక్కరు ఎత్తి బల్ల మీద పెట్టడమే కష్టం, మిగిలిన పదకొండు నెలలూ గరాజ్‌లో చోటు ఆక్రమిస్తుంది. పొరుగువారిచ్చే జబ్బ ఒక్కటే వచ్చే ఇంటికి మోటారే అక్కరలేదు: బల్ల అంచుకు బిగించుకునే చేతి మర 10 నంబరుది, చల్లని మాంసం, పొర తీసే ఓపిక ఉంటే అయిదారు పౌండ్లు అరగంటలో అయిపోతాయి. మిక్సరుకు తగిలించే గొట్టం కూడా దానితో సమానమే అని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆ రాత్రి నేను దానికి వెచ్చని మాంసం పెట్టాను. మూతపడిన మాంసం కొట్లలోని పాత హోబార్ట్ కంపెనీ మరలు వేలంలో దొరికితే మా పెద్దాయనలాంటివారు ఎగిరి గంతేస్తారు. అవి దశాబ్దాల తరబడి తిరుగుతాయి నిజమే, కానీ కొన్ని నమూనాలు ఇంటి ప్లగ్గుకు సరిపడని కరెంటు అడుగుతాయి, చీటీ చదవకుండా కొనకూడదు.

మర వచ్చాక మొదటి రోజు చేయవలసినవి రెండున్నాయి. కొత్త మర లోపల కర్మాగారపు నూనె ఉంటుంది. వేడినీళ్ళు, సబ్బుతో కడిగి, మొదట వచ్చిన గుప్పెడు మాంసాన్ని పారేయాలి. ఆ గుప్పెడులో నల్లని చారలు కనిపిస్తే స్క్రూ వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ వాషరు పెట్టారో లేదో చూడాలి. అది లేకపోతే లోహం లోహాన్ని రాసుకుని ఆ పొడి కైమాలో కలుస్తుంది. ఆ వాషరు అరిగేదే, అదనంగా రెండు తెప్పించుకుంటే మంచిది. బ్లేడు చదును ముఖం బిళ్ళ వైపే ఉండాలి. దీన్ని తిరగేసి బిగించి, మర పనికిరానిదని వెనక్కి పంపినవాళ్ళు నాకు తెలిసి ఇద్దరున్నారు. కొత్తగా కొన్న బ్లేడు, ఒక బిళ్ళ కలిసి తిరుగుతూ ఒకదానికొకటి అరిగి కుదురుకుంటాయి; రెండో బిళ్ళకు అదే బ్లేడు వాడితే ఆ కుదురు చెడుతుంది. అందుకని బిళ్ళకొక బ్లేడు కొని జతలుగా ఉంచుతారు. మొద్దుబారితే చదునైన గాజు పలక మీద సన్నని గరుకు కాగితం పరిచి, కాస్త నూనె వేసి, బిళ్ళనూ బ్లేడునూ విడివిడిగా గుండ్రంగా రుద్దితే ముఖం మళ్ళీ సమం అవుతుంది.

పని అయ్యాక పెద్దాయన బ్లేడునూ బిళ్ళనూ తుడిచి, పొయ్యి పక్కన ఆరబెట్టి, తినదగిన మినరల్ నూనె వేలితో రాసి, రెండిటినీ ఒకే చిన్న సంచిలో వేస్తాడు. సంచి మీద నల్ల కలంతో మొదట మర నంబరు, పక్కనే చిల్లు సైజు రాస్తాడు. మా ఇంట్లో ఉన్న సంచి మీద "12 – 6" అని ఉంటుంది. దానిలో కాగితం ముక్క మీద మా ఆవిడ తెలుగులో "కూరకు" అని రాసి పెట్టింది.